అంతర పంటలు, నేల బ్యాక్టీరియా, పంట తెగుళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అంతర పంట వేస్తే తెగుళ్లు తగ్గుతాయన్న మాట చాలామంది విన్నదే. వేసి లాభపడ్డవాళ్లూ ఉన్నారు, ఏమీ తేడా కనబడలేదని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఏ పంట పక్కన ఏ పంట వేశారు, ఎదురుగా ఉన్నది ఏ తెగులు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. కింది ప్రశ్నలన్నీ ఏదో ఒక దారిలో ఆ రెండింటి దగ్గరికే వస్తాయి.

ఏది అంతర పంట, ఏది కాదు?

ఒకే పొలంలో ఒకే కాలంలో రెండు లేదా అంతకంటే ఎక్కువ పంటలు కలిసి పెరిగితే అది అంతర పంటల సాగు. ఒకటి కోశాక ఇంకొకటి వేస్తే అది పంట మార్పిడి. అంతర పంటను సాలు విడిచి సాలు వేయొచ్చు, విత్తనాలు కలిపి చల్లొచ్చు, కొన్ని సాళ్ల పట్టీలుగా వేయొచ్చు, మొదటి పంట కోతకు రాకముందే రెండోది విత్తొచ్చు.

నేలలోని సూక్ష్మజీవుల విషయంలో ఈ తేడాలు చిన్నవి కావు. సాలు విడిచి సాలు వేస్తే రెండు పంటల వేర్లూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. వెడల్పాటి పట్టీల్లో ఆ అవకాశం అంచు సాళ్లకే దక్కుతుంది, నడిమి సాళ్లు ఏక పంటలాగే బతుకుతాయి. పట్టీలు వేసి నేలలో మార్పేమీ రాలేదని చెప్పేవాళ్లు ఆ మట్టిని ఎక్కడి నుంచి తీశారో ముందు చూసుకోవాలి.

పక్కన ఇంకో పంట ఉందని బ్యాక్టీరియాకు ఎలా తెలుస్తుంది?

తెలియాల్సిన పనిలేదు, తిండి మారితే చాలు. మొక్క ఆకుల్లో తయారుచేసుకున్న ఆహారంలో కొంత వేర్ల గుండా మట్టిలోకి వదులుతుంది. అందులో చక్కెరలు, అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు, ఫినాలిక్ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. గ్రాము మట్టిలో కోట్లాది బ్యాక్టీరియా ఉన్నా, వాటికి తేలిగ్గా అరిగే ఆహారం మాత్రం ఎప్పుడూ కొరతే. అందుకే వేరును అంటిపెట్టుకుని ఉండే కొద్ది మిల్లీమీటర్ల మట్టిలో వాటి సంఖ్య మిగతా మట్టి కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. ఒక్కో పంట వదిలే పదార్థాలు ఒక్కో రకం. వాటిని తిని బతకగలిగినవి పెరుగుతాయి, తట్టుకోలేనివి తగ్గుతాయి. రెండు పంటల వేర్లు కలిసిన చోట రెండు రకాల వంటకాలు ఒకే పంక్తిలో వడ్డించినట్టు అవుతుంది.

ఇది సులువుగా అర్థమయ్యే భాగం. దీనికంటే ఆశ్చర్యం కలిగించేది మరొకటుంది. పక్క పంటను పసిగట్టి ప్రధాన పంటే తన వేరు స్రావాలను మార్చుకుంటుంది. కర్రపెండలం, వేరుశనగ జంట దీనికి మంచి ఉదాహరణ. కర్రపెండలం వేర్ల నుంచి సయనైడ్ వెలువడుతుంది. దాన్ని గ్రహించిన వేరుశనగ వేర్లు ఇథిలీన్ వాయువును ఎక్కువగా విడుదల చేస్తాయి. ఆ ఇథిలీన్ వల్ల వేరుశనగ వేరు చుట్టూ ఉన్న బ్యాక్టీరియా సముదాయమే మారి, కాటెన్యులిస్పోరా అనే ఆక్టినోబ్యాక్టీరియా ప్రముఖంగా పెరుగుతుంది. ఈ పరిశోధన 2020లో వెలువడింది. మొక్కజొన్న, బాకలా చిక్కుడు జంటలోనూ ఇలాంటిదే కనిపించింది. మొక్కజొన్న వేరు స్రావాలు తగిలిన చిక్కుడు వేర్లలో జెనిస్టీన్ వంటి ఫ్లేవనాయిడ్లు పెరిగి, బుడిపెలు ఎక్కువగా కట్టాయి, నత్రజని స్థిరీకరణ పెరిగింది. ఇది 2016 నాటి సంగతి.

మూడో దారి నేల స్వభావం మారడం. బాకలా చిక్కుడు వేర్లు చుట్టూ ఉన్న మట్టిని కొంచెం ఆమ్లంగా మారుస్తాయి, చిక్కుకుపోయిన భాస్వరాన్ని విడిపిస్తాయి, పక్కనున్న మొక్కజొన్న దాన్ని అందుకుంటుంది. ఆమ్లత మారితే బ్యాక్టీరియా కూర్పు మారక తప్పదు. నేలలో ఏ బ్యాక్టీరియా ఉంటుందో నిర్ణయించే అంశాల్లో ఉదజని సూచికది (pH, అంటే ఆమ్ల క్షార స్థాయి) చాలా పెద్ద పాత్ర.

సరే, బ్యాక్టీరియా మారింది. అది తెగులును ఎలా ఆపుతుంది?

నాలుగు పద్ధతులున్నాయి. ఒకటి, పోటీ. వేరు పైన ఖాళీ చోటు, తిండి దొరక్కుండా చేస్తే తెగులు కలిగించే శిలీంధ్రం నిలదొక్కుకోలేదు. ఇందులో ఇనుము కోసం జరిగే పోటీ ప్రత్యేకమైనది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా జాతులు సిడెరోఫోర్లు అనే పదార్థాలను వదిలి, మట్టిలోని ఇనుమును పట్టుకుపోతాయి. ఇనుము దొరకని శిలీంధ్రం బీజాలు మొలకెత్తడానికే ఇబ్బంది పడతాయి.

రెండోది, యాంటీబయాటిక్స్. కొన్ని సూడోమోనాస్ రకాలు డయాసిటైల్ ఫ్లోరోగ్లూసినాల్, ఫెనజైన్లు తయారుచేస్తాయి. బాసిల్లస్ జాతులు ఇట్యూరిన్, ఫెంజైసిన్ వంటి లైపోపెప్టైడ్లను తయారుచేస్తాయి. మూడోది, గోడలు కరిగించడం. స్ట్రెప్టోమైసిస్ వంటివి కైటినేజ్ ఎంజైములతో శిలీంధ్రాల కణకవచాన్ని కరిగించగలవు. అయితే నారు కుళ్లు కలిగించే పిథియం, ఫైటోఫ్తోరా చూడటానికి శిలీంధ్రాల్లా ఉన్నా వాటి కణకవచం ప్రధానంగా సెల్యులోజ్, గ్లూకాన్లతో కట్టినది. వాటి దగ్గర కైటినేజ్ పెద్దగా పని చేయదు. నారు కుళ్లు ఒకచోట తగ్గి ఇంకోచోట తగ్గకపోవడానికి ఇలాంటి చిన్న విషయాలే కారణం కావచ్చు.

నాలుగోది మొక్కనే అప్రమత్తం చేయడం. కొన్ని బ్యాక్టీరియా వేరును తాకితే మొక్క మొత్తంలో రక్షణ వ్యవస్థ మేలుకుంటుంది. అప్పుడు వేరు దగ్గరి బ్యాక్టీరియా ఆకు తెగులును కూడా తగ్గించగలదు. కానీ పొలంలో ఈ ప్రభావం ఎంత అన్నది వాతావరణాన్ని బట్టి మారిపోతుంటుంది, దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

నేలలో బ్యాక్టీరియా రకాలు ఎక్కువైతే తెగులు తగ్గినట్టేనా?

కాదు. ఈ విషయం మీద అనవసరమైన ఉత్సాహం చాలా ఉంది. అంతర పంట వేసిన చాలా ప్రయోగాల్లో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, కొన్నింట్లో మారలేదు. పెరిగిన అన్ని చోట్లా తెగులు తగ్గలేదు, తగ్గిన అన్ని చోట్లా వైవిధ్యం పెరగలేదు.

గోధుమలో వేరును నల్లగా కుళ్లబెట్టే ‘టేక్ ఆల్’ అనే తెగులు ఉంది. ఒకే పొలంలో ఏటేటా గోధుమే వేస్తే మొదటి కొన్నేళ్లు అది విజృంభిస్తుంది. ఆ తర్వాత దానంతటదే తగ్గిపోతుంది! ఆ నేలల్లో డయాసిటైల్ ఫ్లోరోగ్లూసినాల్ తయారుచేసే సూడోమోనాస్ పేరుకుపోవడమే అందుకు ముఖ్య కారణమని తేలింది. అంటే ఏక పంటే అక్కడ రక్షక బ్యాక్టీరియాను పెంచింది. మధ్యలో వేరే పంట వేస్తే ఆ రక్షణ సడలుతుంది కూడా. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చక్కెర దుంప వేళ్ల దగ్గర 33,000కు పైగా బ్యాక్టీరియా, ఆర్కియా (బ్యాక్టీరియాలాంటి మరో రకం సూక్ష్మజీవులు) రకాలను గుర్తించింది. రైజోక్టోనియా తెగులును అణచే నేలకూ అణచని నేలకూ మధ్య తేడా ఎన్ని రకాలున్నాయన్నదాంట్లో లేదు, ఏ గుంపులు ఎంత మేరకు ఉన్నాయన్నదాంట్లో ఉంది.

కాబట్టి ‘వైవిధ్యం పెరిగింది’ అన్న వాక్యం ఎక్కడైనా చదివితే, ఆ వెంటనే తెగులు లెక్క ఏమైందో వెతకండి.

నిజంగా పని చేసినట్టు తేలిన జంటలు ఏవి?

టమాటా పక్కన గుత్తులుగా గడ్డలు కట్టే ఉల్లి రకం. ఈ జంట మీద కథ మొదటి నుంచి చివరి దాకా దొరికింది. ఉల్లి పక్కనున్న టమాటాకు వెర్టిసీలియం ఎండు తెగులు తగ్గింది. ఉల్లి వేర్ల నుంచి వచ్చే టాక్సిఫోలిన్ అనే ఫ్లేవనాయిడ్ టమాటా వేరు చుట్టూ బాసిల్లస్‌ను పోగు చేసిందని, ఆ బాసిల్లస్ తెగులును అణచిందని 2023లో ప్రచురించారు. పక్క పంట, రసాయనం, బ్యాక్టీరియా, తెగులు అనే నాలుగు మెట్లనూ కలిపి చూపిన అధ్యయనాలు తక్కువే. అందుకే ఇది విలువైనది.

పుచ్చ పక్కన ఆరుతడి వరి. పుచ్చను ఎండబెట్టే ఫ్యుసేరియం మీద వరి ప్రభావం రెండు రకాలుగా పని చేసింది. పుచ్చ వేరు స్రావాలు ఆ శిలీంధ్రం బీజాలు మొలకెత్తడానికి తోడ్పడితే, వరి వేరు స్రావాలు దానికి అడ్డుపడ్డాయి. వరి స్రావాల్లో కనిపించిన కౌమారిక్ ఆమ్లానికి ఇందులో పాత్ర ఉంది.

మిరప, మొక్కజొన్న జంటలో శత్రువు ఫైటోఫ్తోరా. తడి మట్టిలో ఈదుతూ వేరును వెతుక్కునే బీజాలు దానికి ఉంటాయి. అవి మొక్కజొన్న వేర్ల వైపు కూడా ఆకర్షితమవుతాయి. అక్కడికి చేరాక బెంజాక్సజినాయిడ్లు అనే పదార్థాలు వాటిని చంపుతాయి లేదా కదలకుండా చేస్తాయి. సాళ్ల మధ్య మొక్కజొన్న వేర్లు జడలా అల్లుకుని ఉంటే తెగులు ఒక మిరప సాలు నుంచి ఇంకో సాలుకు దాటడం కష్టమవుతుంది. మొక్కజొన్న సాలు మరీ దూరంగా ఉంటే ఈ లాభం రాదు. సోయా చిక్కుడు వేర్లను ఎర్రగా కుళ్లబెట్టే తెగులు కూడా మొక్కజొన్న వేర్లు దగ్గరగా కలిసినప్పుడే బాగా తగ్గింది.

కంది, జొన్న జంట వీటన్నిటికంటే పాతది. జొన్నతో కలిపి వేసిన కందిలో ఎండు తెగులు తగ్గుతుందని ఇక్రిశాట్ 1980లలోనే చూపింది. ఆ రోజుల్లో డీఎన్ఏ పరీక్షలు అందుబాటులో లేవు. మొక్కలు లెక్కపెట్టి తేల్చారు.

ఇందులో బ్యాక్టీరియా వాటా ఎంత, వేరు రసాయనాల వాటా ఎంత?

విడదీయడం కష్టం, కానీ విడదీసే ఉపాయాలు ఉన్నాయి. ఒకే కుండీలో రెండు పంటలు పెట్టి మధ్యలో మూడు రకాల ఏర్పాట్లు చేసి చూస్తారు. ప్లాస్టిక్ పలక పెడితే వేర్లూ కలవవు, స్రావాలూ దాటవు. సన్నని నైలాన్ జల్లెడ పెడితే వేర్లు దాటవు గానీ స్రావాలు, సూక్ష్మజీవులు దాటతాయి. ఏ అడ్డూ లేకపోతే అన్నీ కలుస్తాయి. జల్లెడ ఉన్నా తెగులు తగ్గిందంటే వేర్ల తాకిడి అవసరం లేదని, స్రావాలు చాలని అర్థం.

తర్వాతి మెట్టు మట్టిని శుద్ధి చేసి, అందులోని జీవులను చంపడం. శుద్ధి చేసిన మట్టిలో కూడా తెగులు తగ్గితే అది రసాయనం పని. అక్కడ తగ్గక, మామూలు మట్టి కొద్దిగా కలపగానే తగ్గడం మొదలైతే అది జీవుల పని. చాలా జంటల్లో రెండూ ఉంటాయి. వేరు రసాయనం శిలీంధ్రాన్ని నేరుగా దెబ్బతీస్తుంది, అదే రసాయనం మంచి బ్యాక్టీరియాకు ఆహారమూ అవుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. అంతర పంట మీద జరిగిన చాలా అధ్యయనాలు ‘తెగులు తగ్గింది, బ్యాక్టీరియా మారింది’ అని మాత్రమే చెబుతాయి. రెండూ ఒకేసారి జరిగాయని ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. తెగులు తగ్గి వేర్లు ఆరోగ్యంగా ఉండటం వల్లే బ్యాక్టీరియా మారి ఉండొచ్చు.

ఆకు తెగుళ్ల సంగతేమిటి?

అంతర పంటల లాభం ఎక్కువగా రుజువైంది ఇక్కడే, అందులో నేల బ్యాక్టీరియాకు పెద్ద పాత్ర లేదు. 2013లో వచ్చిన ఒక సమీక్ష 200కు పైగా అధ్యయనాలను పరిశీలించింది. వాటిలో ఎక్కువ భాగం ఆకులపై వచ్చే శిలీంధ్ర తెగుళ్లవే. 73 శాతం అధ్యయనాల్లో అంతర పంట తెగులును తగ్గించింది.

కారణాలు కంటికి కనబడేవే. తెగులు సోకే మొక్కల మధ్య దూరం పెరుగుతుంది, గాలిలో వచ్చే బీజాలు సోకని మొక్కల మీద పడి వృథా అవుతాయి, వాన చినుకులు చిందించే బీజాలకు పక్క పంట అడ్డుగోడ అవుతుంది. టమాటా సాళ్ల మధ్య బంతి వేసిన ప్రయోగంలో ఆకుమాడు తెగులు తగ్గింది. అక్కడ బంతి వదిలే పదార్థాలు, మొక్కల మధ్య తేమ తగ్గడం, బీజాలకు అడ్డు అనే మూడూ కలిసి పని చేశాయి.

చైనాలోని యునాన్‌లో 1998, 1999 సంవత్సరాల్లో జరిగిన వరి ప్రయోగం తరచూ ఈ సందర్భంలో చెబుతుంటారు. అగ్గి తెగులుకు లొంగిపోయే జిగురు వరిని, తట్టుకునే హైబ్రిడ్ వరితో కలిపి వేల హెక్టార్లలో నాటారు. జిగురు వరిలో అగ్గి తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది. అయితే అది ఒకే పంటలోని రకాలను కలపడం. రెండు వేర్వేరు పంటల అంతర సాగుకు ఆ అంకెలను అంటగట్టకూడదు.

అంతర పంట వల్ల తెగులు పెరిగే ప్రమాదం ఉందా?

ఉంది, ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. పైన చెప్పిన 73 శాతం పోను మిగిలిన అధ్యయనాలు ఊరికే లేవు కదా.

ముందుగా చూడాల్సింది ఉమ్మడి శత్రువు. మొదలు కుళ్లు కలిగించే స్క్లెరోషియం రోల్ఫ్సీ వందల రకాల మొక్కల మీద బతుకుతుంది. వేరుశనగ, టమాటా, చిక్కుడు, పొద్దుతిరుగుడు అన్నీ దానికి తిండే. బొగ్గు కుళ్లు కలిగించే మాక్రోఫోమినా జొన్ననూ పట్టుకుంటుంది, పప్పుజాతినీ పట్టుకుంటుంది. ఇలాంటివి ఉన్న నేలలో రెండు పంటలూ దానికి లొంగేవే అయితే, మీరు పొలమంతా దానికి వంతెన కట్టినట్టే. పప్పుజాతి కాబట్టి మంచిదే అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

తర్వాత తేమ. ఎత్తైన పంట కింద పొట్టి పంట ఉంటే, ఉదయపు మంచు ఆరడం ఆలస్యమవుతుంది. ఆకు ఎక్కువసేపు తడిగా ఉండటమే ఆకుమచ్చలకు, బూజు తెగుళ్లకు కావలసింది. చిక్కగా వేసిన అంతర పంటలో గాలి ఆడకపోతే, పైన తగ్గించిన దాన్ని కింద పెంచుకుంటాం.

వైరస్ తెగుళ్లలో పక్క పంట పురుగును ఆకర్షిస్తుందా, అడ్డుకుంటుందా అన్నది తేల్చుకోవాలి. వేరుశనగలో కాండం కుళ్లు కలిగించే టొబాకో స్ట్రీక్ వైరస్ పుప్పొడి మీద ఉండి, తామర పురుగుల ద్వారా చేరుతుంది. పొద్దుతిరుగుడు కూడా ఆ వైరస్‌కు లొంగుతుంది, పుప్పొడీ ఎక్కువ. వేరుశనగ పక్కన దాన్ని పెట్టకుండా, చుట్టూ జొన్న లేదా సజ్జ కంచె పంటగా వేయమని చెప్పేది అందుకే.

చివరిగా, బలహీనత. నీటికీ పోషకాలకీ పోటీ పడి నీరసించిన ప్రధాన పంటకు తెగులు తేలిగ్గా సోకుతుంది.

నా పొలంలో ఉన్నది బ్యాక్టీరియా ఎండు తెగులు. అంతర పంట పనికొస్తుందా?

ముందు అది బ్యాక్టీరియా తెగులేనని నిర్ధారించుకోండి. ఎండుతున్న మొక్క కాండాన్ని మొదలు దగ్గర కోసి, గాజు గ్లాసులో నిశ్చలంగా ఉన్న నీటిలో వేలాడదీయండి. కాసేపట్లో కోత నుంచి పాలలాంటి తెల్లని దారం దిగితే అది రాల్‌స్టోనియా అనే ఎండు తెగులు బ్యాక్టీరియా. ఫ్యుసేరియం అయితే ఆ దారం రాదు.

రాల్‌స్టోనియా 200కు పైగా మొక్కల జాతులకు సోకుతుంది. టమాటా, వంకాయ, బంగాళదుంప, మిరప, పొగాకు, అల్లం, అరటి, వేరుశనగ అందులో ఉన్నాయి. పైకి ఆరోగ్యంగా కనిపించే కలుపు మొక్కల వేర్లలోనూ దాగి ఉండగలదు. కాబట్టి టమాటా పక్కన వేరుశనగ అనే ఆలోచన ఈ తెగులున్న పొలంలో వదిలేయాలి. మొక్కజొన్న, జొన్న వంటి గడ్డిజాతి పంటలు, ఉల్లి జాతి పంటలు కొంచెం సురక్షితం. అయినా ఈ తెగులు నీటి వెంట పాకుతుంది. కాలువ నీరు సాలు నుంచి సాలుకు పారుతుంటే, మధ్యలో ఏ పంట ఉన్నా పెద్ద ఉపయోగం ఉండదు. తట్టుకునే రకం లేదా తట్టుకునే వేరు మొదలు మీద అంటు కట్టిన నారు, ఎత్తైన మడులు, మురుగు పోయే దారి ముందు చూడాలి. అంతర పంట ఆ తర్వాతిది.

పప్పుజాతి పంట వేస్తే చాలదా? నత్రజని వస్తుంది కదా?

వస్తుంది, కానీ తెగులుతో దానికి నేరుగా సంబంధం లేదు. బుడిపెల్లోని రైజోబియం పని నత్రజనిని స్థిరీకరించడం. పైగా వేరుశనగ, సోయా, శనగ ఒక్కొక్కదానికీ సరిపడే రైజోబియం వేరు. స్థిరీకరించిన నత్రజనిలో ఎక్కువ భాగం ఆ పంటే వాడుకుంటుంది. పక్క పంటకు అదే కాలంలో నేరుగా అందేది మామూలుగా తక్కువ, ఆకులూ వేర్లూ కుళ్లాక తర్వాతి పంటకు అందేది ఎక్కువ.

తృణధాన్యానికి నత్రజని మరీ ఎక్కువైతే ఆకులు ముదురు పచ్చగా, మెత్తగా పెరిగి తుప్పు, బూడిద తెగుళ్లకు అనువుగా మారతాయి. అంతర పంట ఉందన్న లెక్క లేకుండా యూరియా పాత మోతాదులోనే వేసేస్తే బుడిపెలు తగ్గుతాయి, తెగులు పెరుగుతుంది, రెండు విధాలా నష్టం.

నులిపురుగులకు బంతి వేయమంటారు. నిజమేనా?

సగం నిజం. బంతి వేర్లలోని ఆల్ఫా టెర్థియనైల్ వేరుబుడిపె నులిపురుగులకు విషం. కానీ కూరగాయల సాళ్ల మధ్య అక్కడక్కడా నాలుగు బంతి మొక్కలు పెడితే దాని ప్రభావం వాటి వేర్ల చుట్టూనే ఆగిపోతుంది, పక్కనున్న టమాటా వేర్లను నులిపురుగులు తింటూనే ఉంటాయి. ప్రధాన పంటకు ముందు కొన్ని నెలలు పొలమంతా ఒత్తుగా బంతి వేస్తే ఫలితం చాలా మెరుగ్గా ఉంటుంది. బంతి జాతిని, నులిపురుగు జాతిని బట్టి కూడా తేడా ఉంటుంది.

ఎన్నాళ్లకు తేడా కనబడుతుంది?

ఆకు తెగుళ్లలో అదే పంటకాలంలో. వేరు చుట్టూ ఉన్న బ్యాక్టీరియా కూర్పు కూడా కొన్ని వారాల్లోనే మారగలదు. వేరుకు దూరంగా ఉన్న మట్టి మాత్రం నింపాదిగా మారుతుంది, పంట పోగానే వెనక్కి కూడా జారుతుంది. ఏడేళ్ల పాటు సాగిన ఒక పట్టీ సాగు ప్రయోగంలో, పై 20 సెంటీమీటర్ల మట్టిలో సేంద్రియ కర్బనం ఏక పంట కంటే 4 శాతం, నత్రజని 11 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఏడేళ్లకు 4 శాతం. ఒక్క పంటకాలంలో నేల మారిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆఫ్రికాలో మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి పశుగ్రాసపు మొక్క వేసే పద్ధతి ఏళ్ల తరబడి సాగిన పొలాల్లో చూస్తే, బ్యాక్టీరియా కంటే శిలీంధ్రాల కూర్పే ఎక్కువగా మారింది. అందరి చూపూ బ్యాక్టీరియా మీదే ఉండటం వల్ల ఈ వైపు పెద్దగా పట్టించుకోరు.

విత్తన శుద్ధి మందులు, రాగి మందులు వాడితే ఈ బ్యాక్టీరియా చచ్చిపోదా?

అన్నీ ఒకేలా చంపవు. కాప్టాన్ వంటి కొన్ని విత్తన శుద్ధి మందులు రైజోబియానికి హాని చేస్తాయి. అందుకే ముందు శిలీంధ్ర నాశిని, తర్వాత పురుగుమందు, చివర విత్తే ముందు రైజోబియం అనే వరస పాటించాలి. రాగి సమస్య వేరు. అది విరిగిపోయే పదార్థం కాదు, ఏటేటా పిచికారీ చేస్తే మట్టిలో పేరుకుంటూ పోతుంది, సూక్ష్మజీవుల మీద దీర్ఘకాలం ఒత్తిడి పెడుతుంది. తెగులు తీవ్రంగా ఉన్నప్పుడు మాత్రం అంతర పంట మీద భరోసాతో మందు మానేయడం సాహసమే. అంతర పంట తెగులు వేగాన్ని తగ్గిస్తుంది, వచ్చిన తెగులును నయం చేయదు.

బయట కొన్న ట్రైకోడెర్మా, సూడోమోనాస్ కూడా కలపాలా?

కలపొచ్చు. కానీ బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవులకు స్థానికంగా పాతుకుపోయిన వాటితో పోటీ పడటం కష్టం. చివికిన పశువుల ఎరువులో వృద్ధి చేసి, తేమ ఉన్నప్పుడు వేరుకు దగ్గరగా వేస్తే నిలిచే అవకాశం కొంత మెరుగు. పొడి మట్టి మీద ఎండలో చల్లితే డబ్బు మట్టిలో పోసినట్టే. ట్రైకోడెర్మా స్వయంగా శిలీంధ్రం కాబట్టి దాన్ని శిలీంధ్ర నాశినితో కలిపి వేయకూడదు.

పంట మార్పిడి మేలా, అంతర పంట మేలా?

మట్టిలో ఏళ్ల తరబడి బతికే తెగులు అయితే పంట మార్పిడిదే పైచేయి. ఫ్యుసేరియం మందపాటి గోడల బీజాలుగా, వెర్టిసీలియం నల్లటి సూక్ష్మ గుళికలుగా మట్టిలో చాలా ఏళ్లు నిలుస్తాయి. అంతర పంటలో వాటికి ఇష్టమైన మొక్క ప్రతి కాలంలోనూ పక్కనే ఉంటుంది, సంఖ్య తగ్గినా ఆకలికి చావవు. కంది ఎండు తెగులులోనూ జొన్నను కలిపి వేయడం కంటే, ఒక ఏడాది కంది పూర్తిగా మానేసి జొన్న వేయడం వల్ల తెగులు ఎక్కువగా తగ్గింది. కుదిరితే రెండూ చేయండి: ఈ ఏడాది కంది, జొన్న కలిపి, వచ్చే ఏడాది ఆ మడిలో కంది లేకుండా.

మట్టి పరీక్ష చేయిస్తే మంచి బ్యాక్టీరియా పెరిగిందో లేదో తెలుస్తుందా?

మామూలు మట్టి పరీక్ష ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, పోషకాలు చెబుతుంది, బ్యాక్టీరియా గురించి చెప్పదు. పళ్లెంలో పెంచి లెక్కపెట్టే పద్ధతిలో మట్టిలోని బ్యాక్టీరియాలో దాదాపు ఒక శాతమే పెరుగుతుంది. డీఎన్ఏ పరీక్ష ఎక్కువ రకాలను చూపిస్తుంది, కానీ చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా అందులో కలుస్తుంది. పైగా అది ఇచ్చేది శాతాలే. బాసిల్లస్ వాటా పెరిగిందంటే నిజంగా బాసిల్లస్ పెరిగి ఉండొచ్చు, లేదా మిగతావి తగ్గి ఉండొచ్చు. సాగు నిర్ణయాల కోసం దీనికి ఖర్చు పెట్టడం అనవసరమని నా అభిప్రాయం. తెగులు సోకిన మొక్కల్ని లెక్కపెట్టడం దానికంటే పనికొచ్చే కొలత.

మరి నా పొలంలో పని చేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి?

అదే పొలంలో, అదే కాలంలో, కొంత భాగం ఏక పంటగా ఉంచండి. పోయిన ఏడాదితో పోల్చకండి, వర్షమే మారిపోయి ఉంటుంది. ఒక్క మడి కాకుండా కనీసం మూడు చోట్ల జంటలుగా వేస్తే నేల తేడాల వల్ల మోసపోం. నీరు పారే దిశలో పై మడి నుంచి కింది మడికి తెగులు దిగుతుంది కాబట్టి ఏక పంటలన్నీ పైన, అంతర పంటలన్నీ కింద పెట్టొద్దు.

లెక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. అంతర పంట ఉన్న మడిలో ప్రధాన పంట మొక్కలే తక్కువగా ఉండొచ్చు. మడికి ఎన్ని మొక్కలు ఎండాయి అని లెక్కపెడితే అంతర పంట ఎప్పుడూ గెలుస్తుంది. నూటికి ఎన్ని ఎండాయో చూడండి. వారానికోసారి రాసుకోండి, ఎందుకంటే తెగులు ఆలస్యంగా రావడం కూడా లాభమే. కోత నాటికి రెండు మడుల్లో అంకెలు సమానమైనా, ఒకదాంట్లో మొక్కలు కాయ నిండాక ఎండి ఉండొచ్చు. ఎండిన మొక్కల కాండాన్ని నిలువుగా చీల్చి లోపల గోధుమ రంగు చార ఉందో లేదో చూస్తే, నీటి ఎద్దడి వల్ల వాడినవాటిని ఎండు తెగులు లెక్కలో కలపకుండా ఉంటారు.

తెగులు తగ్గినా దిగుబడి తగ్గితే ఏం లాభం?

ప్రధాన పంట దిగుబడి ఒక్కటే చూస్తే తరచూ కొంత తగ్గుతుంది. రెండు పంటలనూ కలిపి చూడాలి. అంతర పంటలో వచ్చిన రెండు దిగుబడులనూ విడివిడిగా పండించాలంటే ఎంత భూమి కావాలో లెక్కగడతారు. ఎకరం అంతర పంటకు సమానంగా ఎకరంన్నర కాదు, ఎకరంపావు అవసరమైనా లాభమే. పదేళ్లకు పైగా సాగిన ప్రయోగాల్లో అంతర పంటల గింజ దిగుబడి ఏక పంటల కంటే సగటున 22 శాతం ఎక్కువగా ఉందని, ఏటేటా ఊగిసలాట తక్కువని 2021లో ప్రచురించారు. తెగులు లేని ఏడాది అంతర పంట అనవసరమనిపిస్తుంది. తెగులు విరుచుకుపడిన ఏడాది రెండో పంట మిగులుతుంది.

అంతర పంట కోశాక వేర్లు పీకేయాలా, ఉంచేయాలా?

ఆరోగ్యంగా ఉంటే నేలమట్టానికి కోసి వేర్లు ఉంచేయండి. అవి కుళ్లేటప్పుడు వాటి చుట్టూ పెరిగిన బ్యాక్టీరియాకు ఇంకొంత కాలం తిండి దొరుకుతుంది. మొదలు దగ్గర తెల్లని బూజు, ఆవగింజలాంటి గోధుమ రంగు గుళికలు కనిపిస్తే అది స్క్లెరోషియం. ఆ మొక్కలను వేర్లతో సహా తీసి పొలం బయట తగలబెట్టాలి. ఆవాల జాతి పంటను పచ్చిగా ముక్కలు చేసి తడి మట్టిలో కలిపితే ఐసోథయోసయనేట్లు విడుదలై కొన్ని తెగులు శిలీంధ్రాలను అణచివేస్తాయి. అయితే వెంటనే విత్తనం వేస్తే మొలకలకూ దెబ్బ తగులుతుంది, కనీసం రెండు మూడు వారాలు ఆగి విత్తండి.